తువ్వాలు కింద చెయ్యి

గుడియాత్తం మొదలియారు పోయాడని మొన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. చేసినవాడు ఆయన మనవడు. తాత చేతిపుస్తకంలో ఉన్న నంబర్లన్నిటికీ వరసగా చెప్పుకుంటూ వస్తున్నాడట. "మీరు తాతకు ఏమవుతారు సార్" అని మర్యాదకు అడిగాడు. అంగడిలో పుట్టి అంగడిలో పెరిగినవాణ్ణి, మాట కోసం వెతుక్కోవడం నాకు అలవాటు లేదు. "మా దగ్గర బెల్లం కొనేవాడు నాయనా" అన్నాను చివరికి. అది నిజమే, కానీ అందులో సగం కూడా లేదు. ఆయన ఇంటి గడప నేనెప్పుడూ తొక్కలేదు. మా ఇంట్లో ఆయన మంచినీళ్లు కూడా తాగలేదు. అయినా నాకు ఇరవై రెండేళ్లప్పుడు, మా అమ్మను పక్కన పెడితే, ఈ లోకంలో నా చెయ్యి పట్టుకున్న మనిషి ఆయనొక్కడే. ఊరికే పట్టుకోలేదు. దానికి తగిన ధర తీసుకున్నాడు. నేనిచ్చాను.

మాది చిత్తూరులో బెల్లం మండీ. చుట్టుపక్కల పల్లెల్లో గానుగ ఆడించిన రైతులు బెల్లం తెచ్చి మా దగ్గర దించేవారు. అరవదేశం నుంచి, కోలారు వైపు నుంచి వ్యాపారులు వచ్చి కొనేవారు. మధ్యలో కూర్చుని రైతు తరఫున అమ్మిపెట్టడం మా పని. చలికాలమంతా మా వీధికి వీధే కాగిన చెరకుపాలు, గోనెసంచులు, ఎద్దుల పేడ కలిసిన వాసన వేసేది. నేల ఎంత కడిగినా చెప్పులు అంటుకునేవి. నాయన తెల్లారకముందే చన్నీళ్లు పోసుకుని, బొట్టు పెట్టుకుని, మొదటి మూట విప్పి గోరంత బెల్లం నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. ఏ పల్లె బెల్లమో, సున్నం ఎంత పడిందో, పాకం ఎక్కడ ముదిరిందో చెప్పి, ఉమ్మేసి, నోరు పుక్కిలించేవాడు. జీవితమంతా బెల్లం అమ్మిన మనిషి తీపి తినగా నేను చూడలేదు. ఆయన భుజం మీద ఎప్పుడూ రెండు తువ్వాళ్లు ఉండేవి. ఒకటి చెమటకు. రెండోది బేరానికి. బేరం తువ్వాలును అమ్మ విడిగా ఉతికేది, దానితో ఇంట్లో ఎవరూ ముఖం తుడుచుకోకూడదు.

మా బజారులో ధర నోటితో చెప్పేవారు కాదు. సరుకు తెచ్చిన రైతు అక్కడే నిలబడి ఉంటాడు, కొనడానికి పదిమంది చుట్టూ ఉంటారు, ఒకడికి చెప్పింది ఇంకొకడి చెవిన పడితే ఆ పూట బేరం చెడినట్టే. అందుకని అమ్మేవాడు ముంజేతి మీద తువ్వాలు పరుస్తాడు. కొనేవాడు దాని కింద చెయ్యి పెడతాడు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. అరచేతిలో గోటితో అడ్డంగా గీస్తే సగం. మణికట్టు నొక్కితే కుదరదని. పైన ముఖాలు వాన గురించో పిల్లల చదువు గురించో మాట్లాడుకుంటూ ఉంటాయి, కింద వేళ్లు కొట్లాడుకుంటూ ఉంటాయి. మీసం రాకముందే నాకీ విద్య పట్టుబడింది. ఎదుటివాడి అరచెయ్యి చెమర్చిందంటే ఇంకో మెట్టు ఎక్కొచ్చు. వేళ్లు బిగుసుకున్నాయంటే వాడు నిజంగానే పోయే మనిషి. నోరు అబద్ధమాడుతుంది, ముఖం కూడా ఆడుతుంది, చెయ్యి ఆడదు. నాయన నన్ను పొగిడిన మాట నా జన్మలో ఒక్కటే. "వీని చేతికి చెవులుండాయి" అన్నాడు ఎవరితోనో. ఆ మాట పట్టుకుని నేను బజారంతా రాజులా తిరిగాను. కూరగాయలమ్మితో, టైలరుతో, చివరికి గుళ్లో కొబ్బరికాయలమ్మేవాడితో కూడా బేరమాడేవాణ్ణి.

ఆ చేతికే వచ్చింది. మొదట ఎడమ మోచేతి మీద పావలా బిళ్లంత ఎర్రటి మచ్చ, పైన తెల్లటి పొలుసు. మూట రాసుకుందనుకున్నాను. తర్వాత తలలో వచ్చింది, చుండ్రనుకున్నాను. తర్వాత మోకాళ్లు. గోకితే వెండిరేకుల్లాంటివి రాలేవి, కింద సన్నగా రక్తం పొటమరించేది. మందుల షాపులో తామర మందు అడిగి, దానికీ బేరమాడి తెచ్చుకుని పూశాను, అది తామర కాదు కాబట్టి మందు తన పని తాను చేసుకోలేకపోయింది. అమ్మ కానుగ నూనె రాసింది, వేపాకు నూరి పట్టించింది. "పాము కుబుసం మాదిరి రాలతా ఉండాది, ఇది నాగదోషమే" అని శుక్రవారం శుక్రవారం పుట్టకు పాలు పోసి, పుట్టమన్ను తెచ్చి ఒంటికి పూసింది. నేను చిన్నప్పుడు ఏదైనా పామును కొట్టానేమో అని గుర్తు చేసుకోమంది. నేను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని అనిపించేది, కనీసం ఎందుకు వచ్చిందో తెలిసేది.

ఆ రోజుల్లో ఒక ఉదయం మామూలుకంటే ముందే మెలకువ వచ్చింది. కళ్లు పూర్తిగా తెరవకుండానే చూశాను. అమ్మ నా చాప చుట్టూ మెత్తటి చీపురుతో చప్పుడు కాకుండా ఊడుస్తోంది. రాత్రి నా ఒంటి నుంచి రాలిన పొలుసును కాగితంలోకి ఎత్తి, పొయ్యిలో వేసి, తడిగుడ్డతో నేల తుడిచింది. తర్వాత దీపం వెలుతురుకు ఎదురుగా వంగి ఇంకా ఏమైనా మెరుస్తోందా అని వెతికింది. అప్పుడు వెళ్లి నాయనను లేపింది. ఎన్నాళ్ల నుంచి చేస్తోందో నాకు తెలియదు. ఆ పొద్దు నుంచి నేను రోజూ ఆమె ఊడ్చేదాకా నిద్ర నటించేవాణ్ణి. ఆమె దాస్తోందని నాకు తెలిసినట్టు ఆమెకు తెలియకూడదు. నాయన మాత్రం నా వైపు చూడకుండా మాట్లాడటం నేర్చుకున్నాడు. ఏదైనా ఇవ్వాలంటే నేల మీద పెట్టేవాడు, నేను తీసుకునేవాణ్ణి.

కార్తీకం వచ్చి, చలి మొదలై, మొదటి గానుగ బెల్లం దిగిన వారంలోనే అరచేతులకు పాకింది. నా దరిద్రం అలాంటిది. చలి మొదలైతే మా వ్యాపారం, చలి మొదలైతే నా జబ్బు. అరచెయ్యి మందమై, ఎండిన చెరువు అడుగులా బీటలు వారింది. ముందు జనం నా చేతి బెల్లం తినడం మానేశారు. మండీలో ఆనవాయితీ ఏమిటంటే, అమ్మేవాడు అచ్చు విరిచి ముక్క ఇస్తాడు, కొనేవాడు రుచి చూస్తాడు. ఇప్పుడు వాళ్లే విరుచుకునేవారు. తర్వాత కోలారు వ్యాపారి ఒకాయన తువ్వాలు కింద చెయ్యి పెట్టి, నా వేళ్లు తగలగానే వెనక్కు తీసుకుని, పంచెకు తుడుచుకున్నాడు. "నోటితో చెప్పప్పా, ఈడెవురుండారు వినేదానికి" అన్నాడు. చుట్టూ ఇరవైమంది ఉన్నారు. కంటికి కనపడేదైతే ఫుల్లు చేతుల చొక్కా వేసి దాచేవాణ్ణి. బజారంతటి కంటి నుంచీ దాచిన ఆ తువ్వాలు, ఎవరి దగ్గర దాచాలో ఆ ఒక్క మనిషి దగ్గరే నన్ను దాచలేకపోయింది. ఆ మధ్యాహ్నం ఎవరో నాయనను పక్కకు పిలిచి అడగడం విన్నాను. "ఏమబ్బా, పిల్లోనికి పెద్దరోగమంట కదా?" కుష్ఠు అని నోటితో అనలేక మావైపు అట్లా అంటారు.

"ఎవురు జెప్పింది నీకు?" అన్నాడు నాయన. "గానుగకాడ సున్నం కొట్టినాది చేతికి. నాలుగు దినాల్లో పోతాది."

సరుకు విషయంలో కూడా అంత పచ్చి అబద్ధం ఆయన ఆడగా నేను వినలేదు.

అప్పుడు వచ్చాడు మొదలియారు. పొట్టి మనిషి, యాభై దాటి ఉంటాయి, ఎప్పుడూ వక్కాకు నమిలేవాడు, పక్కకు వస్తే పన్నీరు, పొగాకు కలిపి వాసన వచ్చేది. అరవదేశం గుడియాత్తం నుంచి వచ్చి ఏళ్లుగా మా దగ్గర కొంటున్నవాడే. నేను తువ్వాలు పరచాలా వద్దా అని తటపటాయిస్తుంటే తానే దాని అంచు ఎత్తి చెయ్యి లోపలికి పెట్టాడు. మెత్తటి, వెచ్చటి చెయ్యి. నా బీటలు తగిలి ఉంటాయి, తగలకుండా ఎట్లా ఉంటాయి. ఆయన చెయ్యి ఆగలేదు. ఒక్కొక్క వేలే తీరిగ్గా పట్టుకుంటూ, "ఏమప్పా, ఈ యేడు వాన మావూర్లో కూడా లేదే" అంటున్నాడు. సగం అని చెప్పడానికి గోరు వాడలేదు. బొటనవేలి మెత్త భాగంతో మెల్లగా రాశాడు. నేను ఆ ధరకు అమ్మేశాను. అది రావలసిన ధర కాదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. మరునాడు వచ్చాడు, ఇంకో మెట్టు దించాడు. దిగాను. మీసం రాకముందే బజారును గెలిచిన నేను, ఇంత ముదురు బేరగాణ్ణి, ఆయన వేళ్లు ఇంకో నాలుగు క్షణాలు ఉంటాయని చెప్పి అడిగిన దానికంతా తలూపాను. కావాలనే ఒప్పుకోవడం ఆలస్యం చేసేవాణ్ణి, చెయ్యి తీసేస్తాడని భయం వేయగానే ఒప్పుకునేవాణ్ణి. ఒక మనిషి చేతి వెచ్చదనానికి ఆ బజారులో ఎవరూ ధర కట్టి ఉండరు. నేను కట్టాను. అదీ నా సొమ్ముతో కాదు, రైతుల బెల్లంతో.

పాకాల వైపు నుంచి వచ్చే ఒక రైతు ఊరుకోలేదు. ముసలాయన, ఆయన బెల్లం పక్కన ఇంకో బెల్లం పెడితే చిన్నపిల్లలు కూడా తేడా చెబుతారు. "నా సరుకు ఏం కమ్మి అని ఈ ధరకు పోయింది సామీ" అని నాయనను అడిగి, జవాబు కోసం నిలబడకుండా బండి ఎక్కి వెళ్లిపోయాడు. నాయన ఆ సాయంత్రం అందరూ పోయేదాకా ఆగి నన్ను పిలిచాడు.

"గురవా, మొదలారికి ఎందుకు దిగినావు?"

"సరుకు రోంత నల్లగుండింది నాయనా."

"సరుకు నేనూ సూసినాను." అన్నాడు నాయన. "ఆయప్ప నీ చెయ్యి పట్టుకుంటా ఉండాడు. నువ్వు ధర ఇడిసిపెడతా ఉండావు. అంతేనా?"

నాయన నా ముంజేతి మీది తువ్వాలును అంచు పట్టుకుని లాగి మడిచాడు, నా ఒంటికి తన వేళ్లు తగలకుండా. "రేపట్నుంచి గోడౌన్లో ఉండు. నీ మీద కోపం గాదబ్బా. రైతు మనల్ని నమ్మి ఆడ బండి ఆపతాడు. నయమైనాక వద్దువు."

గోడౌన్ మండీ వెనకాల. కిటికీ ఒకటే, దానికి కందిరీగలు. చీమలు పట్టకుండా మూటలు తిరగెయ్యడం, తడి తగిలిన వాటిని ఎండకు జరపడం నా పని. ముందు గదిలో మాటలు వినపడేవి. ఎవరు వచ్చారో, ఎవరు వాన గురించి మాట్లాడుతున్నారో వినేవాణ్ణి. మాట వాన మీదికి మళ్లిందంటే కింద వేళ్లు నడుస్తున్నాయన్నమాట. ఆ వాన మాట వచ్చినప్పుడల్లా నా వేళ్లు వాటంతట అవే కదిలేవి, మూట గోనెగుడ్డ మీద. మా వంశంలో చదువుతో బతికినవాడు లేడు, పొలంతో బతికినవాడు లేడు. మండీ ముందు బేరానికి కూర్చునే ఆ పలక మీద కూర్చోలేకపోతే నేనెవరినో నాకు తెలియదు. నయమైనాక అన్నాడు నాయన. నేను దాన్ని గడువుగా తీసుకున్నాను. వచ్చే కార్తీకానికి చేతులు శుభ్రంగా ఉండాలి, ఎట్లాగైనా, ఏమిచ్చైనా.

ఎండాకాలంలో కొంత తగ్గింది, ఎందుకో అప్పుడు తెలియలేదు. మళ్లీ చలి మొహం చూపేసరికి అరచేతులు పగలడం మొదలైంది. మా కూలీ ఒకడు చెప్పాడని బస్సెక్కి వడమాలపేట అవతల ఒక పల్లెకు వెళ్లాను. అక్కడొక సూదుల వైద్యుడు, డిగ్రీ ఏమీ లేదు, ఇంటి పంచలోనే బల్ల. నా చేతులు తిప్పి చూశాడు.

"సూదికి పోతాదా?" అన్నాను.

"పోతాది. మళ్లా వస్తాది."

"వచ్చేదానికి ఎన్నాళ్లు పడతాది?"

"అదెట్ల జెప్పేది."

"నాకు ఉగాది దాకా చాలు. ఆపైన వచ్చినా మేలే."

ఆయన నవ్వాడు. "తోలుకు గడువు పెడతా ఉండావే, ఎవురబ్బా నువ్వు?" నెలకొక్కటే వేస్తానన్నాడు, ఎక్కువైతే మంచిది కాదన్నాడు. నేను కూర్చుని బేరమాడాను. ఇంత దూరం వచ్చానన్నాను, వేరే ఊళ్లో వారానికి ఒకటి వేస్తున్నారని లేనిది చెప్పాను, లేచి వెళ్లిపోతున్నట్టు చెప్పులు కూడా వేసుకున్నాను. పది రోజులకొకటి అని తెగింది. బస్సులో వస్తూ, చెయ్యి పట్టుకోకుండానే బేరం గెలిచానని మురిసిపోయాను. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు ముఖం లేదు. ఆ మందును అంతగా అడిగి పుచ్చుకున్నవాణ్ణి నేను.

పదిహేను రోజుల్లో చేతులు పసిపిల్లవాడి చేతుల్లా వచ్చాయి. అమ్మ వాటిని తిప్పి తిప్పి చూసి, పుట్టకు ఇంకో చెంబు పాలు పోసింది. నాయన ఏమీ అనకుండా బేరం తువ్వాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ సీజను నేను ఆడిన ఆట మా బజారులో ఇంకెవరూ ఆడి ఉండరు. పంచెకు చెయ్యి తుడుచుకున్న కోలారు ఆయన కూడా వచ్చి చెయ్యి పెట్టాడు. నేను పగలు గుర్తు పెట్టుకునే మనిషిని కాను, అతనికి నవ్వుతూనే అమ్మాను. మొదలియారు వచ్చాడు. నా అరచెయ్యి ఒకసారి తడిమి, "చెయ్యి బాగైపోయిందే" అన్నాడు. ఆయన నోట ఆ సంగతి రావడం అదొక్కసారే. పాత ధర నొక్కాడు. నేను మణికట్టు నొక్కాను. ఆయన కొంచెం ఆశ్చర్యంగా చూసి, ఒక మెట్టు ఎక్కాడు. నాకు ఇక ఆ చేతితో పని లేదు. ఇంకో రోజు ఆయన వచ్చి తువ్వాలు అంచు ఎత్తబోతుంటే, "ఉండండి మొదలారీ" అని, ఆయన వెనకాల ఉన్న కోలారు ఆయన వైపు తువ్వాలు తిప్పాను. మొదలియారు చెయ్యి గాల్లో కాసేపు ఉంది. తర్వాత ఆ చేతితోనే భుజం మీది కండువా సర్దుకుని దిగి వెళ్లిపోయాడు. ఆ సీజనులో మళ్లీ రాలేదు. సాయంత్రం అమ్మ పెట్టిన సంగటి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఎవరినో గెలిచానని.

ఉగాది అయింది, బళ్లు తగ్గాయి, నేను సూదులు మానేశాను. సరుకు అమ్ముడైపోయాక గోడౌనుకు అద్దె ఎవడు కడతాడు? నా లెక్క అది. శరీరం లెక్క వేరని నాకెవరు చెప్పాలి. కత్తెర ఎండలు మొదలైన వారంలో రొమ్ము మీద ఎరుపు కనపడింది. మూడో రోజుకు వీపు. వారానికి నెత్తి నుంచి అరికాలు దాకా ఖాళీ జాగా లేదు. బయట రోడ్డు తారు కరుగుతుంటే నేను రెండు దుప్పట్లలో వణుకుతున్నాను. చర్మం పొలుసుగా కాదు, పొరలు పొరలుగా ఊడి వచ్చింది. నీరు కారి చాప ఒంటికి అంటుకుంది. అమ్మ అరటాకులకు నూనె రాసి వాటి మీద పడుకోబెట్టింది. ఇప్పుడు ఊడవడానికి ఆమెకు ఓపిక చాలలేదు, దాచడానికి ఏమీ మిగలనూ లేదు. నాయన వ్యాను మాట్లాడి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. చంద్రగిరి దాకా నాకు గుర్తుంది.

చర్మం వార్డులో నా మంచానికి ఎదురుగా కిటికీ, కిటికీలో కొండ. ఊళ్లు ఊళ్లు వచ్చి ఎక్కే కొండను పడుకునే చూసే అదృష్టం పట్టింది. చచ్చిపోతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను, ఇప్పుడు దాచి ఏం లాభం. అనుకున్న ప్రతిసారీ పొరల కింద ఒళ్లు మంట పుట్టి ఆ ఆలోచనను కూడా నిలవనివ్వలేదు. చావు కుదరక కొండ మీదాయనతో బేరం పెట్టాను. ముందు మొత్తం నయం చెయ్యమన్నాను. రెండో రోజు, సగం చాలన్నాను. నాలుగో రోజుకు నా పాట ఇది: చేతులొక్కటి ఇచ్చెయ్ సామీ, మిగతా ఒళ్లంతా నువ్వే పెట్టుకో. అంతకు దిగిన మనిషిని నేను నా బజారులో చూడలేదు.

డాక్టరమ్మ నలభై ఏళ్ల మనిషి, మాటలో మెత్తదనం తక్కువ. నా నోటి నుంచే సూదుల సంగతి రాబట్టింది. ఆ మందు జబ్బును కింద అదిమిపెడుతుందని, హఠాత్తుగా వదిలేస్తే రెట్టింపై లేస్తుందని, ఇట్లాగే ప్రాణాల మీదికి వచ్చినవాళ్లను చూశానని చెప్పింది. దీని పేరు సోరియాసిస్ అని మొదటిసారి విన్నది అప్పుడే. మంచం అవతల నిలబడి నాయన అడిగాడు.

"ఇది పెద్దరోగమా తల్లీ?"

"కాదు."

"అంటుకుంటాదా?"

"అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా అంటుకోదు."

"పోతాదా?"

"పోదు," అంది ఆమె. "తగ్గుతుంది, వస్తుంది, మళ్లీ తగ్గుతుంది. షుగరు, బీపీ ఉన్నవాళ్లు బతకడం లేదా, ఇదీ అంతే."

"పదేళ్లకైనా పోదా మేడమ్?" అన్నాను నేను మంచం మీది నుంచి. "మందు ఎక్కువ రోజులు వాడతాను. పథ్యం ఏం చెప్పినా చేస్తాను."

"నువ్వేం చేసినా పోదు బాబూ. సరిగ్గా ఉంటే అదుపులో ఉంటుంది. అంతవరకే నేను చెప్పగలను."

ఇరవై మూడేళ్లలో నేను బేరం పెట్టి ఒక్క మెట్టు కూడా దించలేకపోయిన మనిషి ఆమె. మామూలు చర్మం పాతది రాలి కొత్తది రావడానికి నెల పడుతుందని, నాకు నాలుగైదు రోజుల్లోనే తోసుకొచ్చేస్తోందని, ఒంటిని కాపాడే కాపలావాళ్లే ఏదో తప్పుగా అర్థం చేసుకుని తొందరపెడుతున్నారని చెప్పింది. అది నాకు తేలిగ్గా ఎక్కింది. అంగట్లో ఉన్న సరుకు కదలకముందే వెనకాల బండి మీద బండి వచ్చి దించేస్తోంది. పామూ లేదు, పాపమూ లేదు. నేనెవరి నోరూ కొట్టినందుకు వచ్చింది కాదు. అది విని నిమ్మళించాలో, అయితే ఎవరిని బతిమాలుకోవాలని ఏడవాలో తెలియలేదు.

ఆమె వెళ్లాక నాయన దగ్గరికి వచ్చి, నర్సు ఇచ్చిన మలాం డబ్బా మూత తీసి, నన్ను పక్కకు తిరగమని వీపుకు రాయడం మొదలుపెట్టాడు. ఆయనకు చేతకాలేదు, ఒకచోట ముద్దగా, ఒకచోట ఏమీ లేకుండా రాశాడు. ఆ చెయ్యి నా ఒంటి మీద పడి ఏడాదిన్నర దాటింది. "అంటుకోదని ముందే ఎవురన్నా జెప్పుంటే" అన్నాడు, మిగతాది చెప్పలేదు. నేను గోడ వైపు తిరిగి ఉండటం ఇద్దరికీ మంచిదైంది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ప్రతి చలికాలమూ వస్తుంది, చుట్టంలా కూడా కాదు, ఇంటి మనిషిలా. స్నానం అయిన వెంటనే తడి ఆరకముందే నూనె, సబ్బు తక్కువ, పొద్దుటి ఎండ, గోకకపోవడం, గీరుకున్న చోటల్లా కొత్తగా మొలుస్తుంది కాబట్టి దెబ్బ తగలకుండా చూసుకోవడం. మాత్రలున్నాయి, వాటికి రక్తపరీక్షలున్నాయి. ఈమధ్య కొత్త సూదులు వచ్చాయని డాక్టరు చెప్పి ధర కూడా చెప్పాడు, నేను బేరమాడటం మరిచిపోయి బయటికి వచ్చాను. రెండు వేళ్ల కీళ్లు వాచి వంకరపోయాయి, అది కూడా ఈ జబ్బు పనేనట. బజారులో ఇప్పుడు ఎవరూ తువ్వాలు పరవరు. ఫోన్లో బెల్లం ఫోటో పెడతారు, ఫోన్లోనే ధర పడుతుంది. ఎవరి చెయ్యి ఎలా ఉంటే ఎవరికి కావాలి. నాకు అడ్డమైనదంతా తొలగిపోయింది, నేను నేర్చిన విద్యతో పాటు. సోరియాసిస్ అంటే అంటుకునేది కాదని ఇప్పుడు బస్సులో పక్కన కూర్చున్న పిల్లలకు కూడా తెలుసు. తెలిసి కూడా కొంచెం జరిగి కూర్చుంటారు. అప్పటివాళ్లు తెలియక చెయ్యి తీసుకున్నారు, ఇప్పటివాళ్లకు చెయ్యి ఇచ్చే పనే పడటం లేదు. ఏది ఎక్కువ నొప్పో తూకం వేసి చెప్పలేను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మరుసటి కార్తీకం గురించి చెప్పాలి. ఎరుపు తగ్గింది, అరచేతులు మాత్రం మళ్లీ పగిలాయి. గోడౌన్లోకి పోబోతుంటే నాయన ఆపాడు. "ఈడ కూర్చో. చెయ్యి పెట్టేవోడు పెడతాడు, లేనోడు నా తావకి వస్తాడు. నువ్వు మాత్రం లోపలికి పోవద్దు." కూర్చున్నాను. వారం రోజులు అందరూ నాయన దగ్గరికే వెళ్లారు. నేను మడిచిన తువ్వాలు పక్కన పెట్టుకుని వీధి చూస్తూ కూర్చున్నాను. గోడౌనులో ఉండటం కంటే అది అధ్వాన్నం. అక్కడ కనీసం నన్నెవరూ చూడరు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో మొదలియారు వచ్చాడు. కిందటేడు నేను చేసిన పని తర్వాత ఆయన మా మెట్టు ఎక్కుతాడని అనుకోలేదు. నాయన లేచి పిలిచినా అటు పోకుండా నా ముందు నిలబడ్డాడు. "తువ్వాలు ఎక్కడప్పా?" అన్నాడు. పరిచాను. చెయ్యి పెట్టాడు. అదే వెచ్చదనం. ఆయన వేళ్లు తీరిగ్గా పట్టుకుంటూ వచ్చి, సగానికి బొటనవేలు మెత్తగా రాసి, ఆగాడు. పాత ధరే, నేను ఆ చెయ్యి కోసం దిగి అమ్మిన ఆ తక్కువ ధరే. దించిన మూటల పక్కన పాకాల ముసలి రైతు నిలబడి నా ముఖం చూస్తున్నాడు. ఆ బెల్లం ఆయనదే. ఏం అడగకుండా మళ్లీ మా దగ్గరికే తెచ్చాడు.

ఆ బజారులో నా చేతిని పట్టుకున్న చెయ్యి అదొక్కటే. కాదంటే అది వెళ్లిపోతుంది. వెళ్లిపోతే ఇంకోటి వస్తుందన్న నమ్మకం లేదు. డాక్టరమ్మ చెప్పింది, ఇది పోదని. అంటే ముందున్న చలికాలాలన్నీ ఇట్లాంటివే కావచ్చు. నేను అంత సేపు ఎప్పుడూ ఆలోచించలేదు. తర్వాత ఆయన మణికట్టు పట్టుకుని నొక్కాను. ఆయన మళ్లీ అదే ధర నొక్కాడు. నేను మళ్లీ మణికట్టు నొక్కాను.

"చలి ఎక్కువుండాదే ఈ యేడు" అన్నాడు మొదలియారు.

"అవునండీ."

చెయ్యి బయటికి తీశాడు. నేను ఆ చేతినే చూస్తున్నాను. పంచె వైపు పోలేదు. సంచిలోంచి తమలపాకు తీసి, సున్నం రాసి, అదే చేతితో నోట్లో పెట్టుకుని, పక్క మండీకి వెళ్లిపోయాడు. పాకాల ఆయన బెల్లం ఆ మధ్యాహ్నం నాయన చేతి మీద మంచి ధరకు పోయింది. అయిపోయిందనుకున్నాను. నా చేతికి ఇక సెలవు అనుకున్నాను.

మరునాడు పొద్దున మొదలియారు వచ్చాడు. తువ్వాలు కింద చెయ్యి పెట్టి, నేను ఇవ్వనని తెలిసిన ఆ ధరే నొక్కాడు. నేను కాదన్నాను. కాదన్నాక కూడా చెయ్యి వెంటనే తియ్యలేదు, మనవడికి పళ్లు వస్తున్నాయని చెప్పి, తర్వాత తీశాడు. ఆ మరునాడూ వచ్చాడు. ఆ తర్వాతి రోజూ వచ్చాడు. నేను మళ్లీ జారతానని కాచుకున్నాడేమో. వ్యాపారి, కాచుకోడని ఎట్లా అనుకోవాలి. ఇంకేదైనా ఉండి ఉంటే ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ సీజను అయ్యేదాకా మొదలియారుకు నేనొక్క మూట బెల్లం కూడా అమ్మలేదు. ఆయన రాని పొద్దు కూడా ఒక్కటి లేదు.